సముద్రపు తొట్టి, నీళ్ళు మోసే చేతులు



షోలాపూర్‌లో మనవాళ్ళ నేతవాడ తెలిసినవారికి దాని చప్పుడు కూడా తెలుసు. సాంచెల మోత లేని వీధి అక్కడ అరుదు. గత వేసవిలో అటువంటి ఒక వీధికి గృహ ప్రార్థన కోసము వెళ్ళాను. ఆ యింటి ముందు గదిలో ఒకప్పుడు రెండు సాంచెలు ఆడేవి. వాటిని అమ్మివేసి చాలా కాలమైనది. ఇప్పుడు ఆ గోడ ప్రక్కన నాలుగడుగుల పొడవైన అద్దాల తొట్టి ఉన్నది. పైన నీలి దీపము. లోపల నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చిన్న చేపలు, ఒక ఎర్ర రొయ్య, ఖాళీ గుల్లలలో దూరి నడిచే నాలుగైదు పీతలు. కూడికకు వచ్చిన పిల్లలు పాటల పుస్తకములు ప్రక్కన పెట్టి దాని చుట్టూ చేరారు. నిజము చెప్పవలెనంటే ప్రార్థనకు కన్నులు మూయుటలో నేను కూడా ఆ రోజు కొంచెము ఆలస్యము చేశాను.

ఆ తొట్టి ఆ యింటి చిన్న కొడుకుది. చదువుకొని ఒక కంపెనీలో లెక్కలు చూస్తున్నాడు. ఇంకా పెళ్ళి కాలేదు. కూడిక ముగిసిన తరువాత నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగాడు: "తాతా, మొన్న ఒక పెద్దమనిషి దీన్ని చూసి ఇది పాపమన్నడు. గీ పైసలు బీదోళ్ళకు ఇయ్యరాదా అన్నడు. నువ్వు చెప్పు, పాపమా?"

వెంటనే జవాబు చెప్పడము నాకు చేతనైన పనే. చాలా ఏండ్లు బడిలోను, సంఘములోను ప్రశ్న అడుగగానే జవాబు చెప్పుటకు అలవాటు పడినవాడను. కాని ఆ రాత్రి, "ఒక వారము ఆగు బిడ్డా, నాకు తెలియని సంగతులు ఇందులో ఉన్నవి" అన్నాను. ఆ వారము ఒక నెల అయినది. నేను తెలుసుకొన్నది, తలంచినది ఇక్కడ వ్రాస్తున్నాను. ఈ ప్రశ్న ఒక్క చేపల తొట్టికి సంబంధించినది కాదని నాకు తోచినది.

ముందుగా ఆ తొట్టి సంగతి. మామూలు రంగు చేపల తొట్టి మనము చూచినదే. అది మంచినీళ్ళతో సాగుతుంది. ఇది ఉప్పునీటిది. సముద్రము లేని ఊరిలో సముద్రము తయారు చేయవలెను. లీటరు నీటికి దాదాపు 35 గ్రాముల ఉప్పు కలపాలి. అది వంటింటి ఉప్పు కాదు, సముద్రములోని లవణములన్నియు కూర్చిన ప్రత్యేకమైన ఉప్పు. వేడిమి 25, 26 డిగ్రీల దగ్గర నిలువవలెను. మన ఊరి ఎండ 42 దాటిన రోజున కూడా అంతే. చేపను వేయక ముందు నాలుగు నుండి ఆరు వారములు ఖాళీ తొట్టిని నడపవలెను. ఎందుకంటే చేపల మలమూత్రముల నుండి పుట్టే అమ్మోనియా విషము. దానిని విరిచి తక్కువ హాని గలదిగా మార్చే సూక్ష్మజీవులు రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడుటకు అంత కాలము పట్టును. నీరు ఆవిరైతే ఉప్పు మాత్రము లోపలే ఉండిపోవును గనుక ప్రతి రోజు ఆవిరైనంత మంచినీరు మరల పోయవలెను. కరెంటు పోయి నీటి కదలిక చాలా గంటలు ఆగితే లోపలి ప్రాణులకు గాలి అందదు.

ఆ కుర్రవాడు ఇవన్నియు పాఠము అప్పజెప్పినట్లు చెప్పాడు. వాని తండ్రికి నూలు నాణ్యము ఎంత తెలుసో వీనికి నీటి నాణ్యము అంత తెలుసు. నాకు సంతోషము కలిగినది. సముద్రములో ఎవరును చూడకుండ, ఎవరును పోయకుండ, ఉప్పు హెచ్చుతగ్గులు లేకుండ నిలుచుచున్నది. అందులో రెండు వందల లీటర్లు మన చేతికి వస్తే మనకు నిద్ర పట్టదు. సృష్టికర్త పని ఎంతటిదో తెలుసుకొనుటకు ఇదియు ఒక బడియే.

కాబట్టి మొదటి మాట: ఆనందము పాపము కాదు. ఆదికాండము 2:9 తీసి చూడండి. తోటలోని చెట్ల గురించి చెప్పునప్పుడు అవి కంటికి ఇంపైనవను మాట ముందు వచ్చును, ఆహారమునకు మంచివను మాట తరువాత వచ్చును. దేవుడు మన కడుపును మాత్రమే కాక కన్నును కూడా తలంచుకొన్నాడు. "ఆ డబ్బు బీదలకు ఇవ్వవచ్చును గదా" అనే మాట యోహాను 12వ అధ్యాయములో ఎవరి నోట వచ్చినదో మనకు తెలుసు. ఇతరుల సంతోషమును చూచి ఆ మాట అనుటకు ముందు మన మనస్సు ఏమిటో పరీక్షించుకొనవలెను. ఇంటిలో పెద్ద టీవీ ఉన్నవాడు చేపల తొట్టి ఉన్నవానిని గద్దించుట నాకు న్యాయముగా తోచలేదు. అయితే తప్పు మనస్సుతో అడిగినంత మాత్రమున ఆ ప్రశ్న తప్పైపోదు. ఆనందమునకు వెల ఉన్నది. దానిని ఎవరు చెల్లిస్తున్నారో అడుగవలసినదే.

రెండవ మాట ఆ ప్రాణుల గురించి. బైబిలులో దేవుడు పలికిన మొదటి ఆశీర్వాదము మనుష్యునికి కాదు. ఆదికాండము 1:22లో అది జలచరములకును పక్షులకును దొరికినది. మనుష్యునికి ఆరవ దినము వరకు ఆగవలసి వచ్చినది. చేపను అద్దములో పెట్టుకొనువాడు తనకంటె ముందు ఆశీర్వాదము పొందిన ప్రాణిని ఇంటికి తెచ్చుకొన్నాడన్న మాట.

ఆ ప్రాణి ఎక్కడ నుండి వచ్చినది? మంచినీటి రంగు చేపలలో ఎక్కువ భాగము చెరువులలో పెంచినవి. ఉప్పునీటి చేపలలో ఎక్కువ జాతులు నేటికిని సముద్రము నుండి పట్టి తెచ్చేవే. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుండి చేపలను మత్తులో పడవేసి పట్టుటకు సైనైడు చల్లే పద్ధతి మొదలైనది. ఇండోనేషియాకు కూడా అది ప్రాకినది. ఆ విషము చేపను నీరసింపజేయుటతో ఆగదు. చుట్టూ ఉన్న పగడములను కూడా చంపును. దుకాణములో అందముగా ఈదే చేప వెనుక అటువంటి కథ ఉండవచ్చును. మన కుర్రవాని రెండు చేపలు మాత్రము అట్టివి కావు. వాటి జాతిని మనుష్యులు గుడ్డు నుండి పెంచుట నేర్చుకొన్నారు. మన దేశములో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు విళింజంలోను, మండపంలోను ఆ పని చేసి చూపారు. తెలిసి అడిగి, పెంపకపు చేపలనే కొన్నాడు. ఆ మాట విని వానిని మెచ్చుకొన్నాను.

అయితే వాని మనస్సు పగడముల మీద ఉన్నది. తొట్టిలోని రాళ్ళు మట్టితో కాల్చి చేసినవి. వాటి మీద జీవముతో ఉన్న పగడము ఒకటి పెట్టవలెనని కోరిక. పెద్ద పట్టణములో ఒకడు బిల్లు లేకుండ పంపిస్తానన్నాడట.

పగడము అనగానే మన ఆడవారికి గుర్తు వచ్చునది మెడలోని ఎర్రపూస. అది వేరు జాతి, లోతైన నీళ్ళలోనిది. సముద్రములో దిబ్బలు కట్టే పగడము రాయి వలె కనిపించినను రాయి కాదు, చెట్టు వలె కొమ్మలు వేసినను చెట్టు కాదు. అది వేలకొలది చిన్న ప్రాణుల కాపురము. ఒక్కొక్కటి తన చుట్టూ సున్నపు గూడు కట్టుకొనును. వాటి దేహములోనే కంటికి కనబడని నాచు కాపురముండి, ఎండ వెలుతురుతో ఆహారము తయారు చేసి, అందులో చాలా భాగము ఇంటివారికే పెట్టును. గుండ్రాయి వలె పెరిగే పగడము సంవత్సరమునకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగునని లెక్క. అనగా చేతి మూరెడు ఎత్తు పగడమునకు మన సంఘములోని నడివయస్సువారికి ఉన్నంత వయస్సు ఉండవచ్చును. పగడపు దిబ్బలు సముద్రపు అడుగులో నూటికి ఒక వంతు కూడా లేవు. అయినను సముద్రములోని జీవజాతులలో దాదాపు నాలుగవ వంతు వాటిని ఆశ్రయించుకొని యున్నవి.

మన దేశములో కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబారు దీవులలో అవి ఉన్నవి. ఒకప్పుడు మన్నారు తీరములో సున్నము కోసము, కట్టడముల కోసము వాటిని త్రవ్వుకొన్నారు. 1986లో అక్కడ 21 దీవులతో సముద్ర జాతీయ ఉద్యానవనము ఏర్పడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో 2001వ సంవత్సరమున దిబ్బలు కట్టే గట్టి పగడములన్నిటిని మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలు అదే. బిల్లు లేకుండ వచ్చే పగడపు కొమ్మ అనగా బిల్లు లేకుండ వచ్చే పులిపిల్ల అన్నట్లే. రోమా 13వ అధ్యాయము చదివి ప్రసంగించే మనము దీనిని తేలికగా తీసికొనరాదు. నేను ఈ సంగతి చెప్పగానే కుర్రవాడు ఫోను తీసి ఆ మనిషికి వద్దని పంపాడు. ఈ ఒక్క విషయములో జవాబు తేలికగానే దొరికినది.

కాని చట్టము చెప్పని సంగతులు ఉన్నవి. ఇక్కడ ఇద్దరు విశ్వాసుల కథ చెప్పవలెను.

ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఆంగ్లేయుడు 1810లో పుట్టి 1888లో ప్రభువునందు నిద్రించాడు. సహోదరుల సమాజమునకు చెందిన బోధకుడు, సముద్ర జీవులను అధ్యయనము చేసిన పండితుడు కూడా. ఒక చేతిలో బైబిలు, ఒక చేతిలో భూతద్దము పట్టుకొని బ్రదికినవాడు. 1853లో లండను జంతుశాలలో ప్రజలు చూచుటకు మొదటిసారిగా చేపల యిల్లు తెరిచినప్పుడు దానికి సహాయము చేశాడు. మరుసటి సంవత్సరము "ది ఆక్వేరియం" అను గ్రంథము వ్రాశాడు. ఆక్వేరియం అనే పేరు జనములో స్థిరపడుటకు ఆ పుస్తకమే ముఖ్య కారణము. దేవుని మహిమను జనులు ఇంటిలోనే చూడగలరన్నది ఆయన సంతోషము. జనులు చూచారు. చూచి ఊరుకొనలేదు. బుట్టలు, ఉలులు పట్టుకొని సముద్రపు ఒడ్డుకు పోయారు. రాళ్ళ నడుమ నీటి గుంటలలో ఎన్నో యుగములుగా ఎవరును ముట్టని పువ్వుల వంటి ప్రాణులను పెకలించి తెచ్చుకొన్నారు. ఆ తీరములు బోసిపోయినవి. ఆయన కుమారుడు 1907లో వెలువరించిన జ్ఞాపకములలో ఈ సంగతి వ్రాశాడు. తన పుస్తకముల వలననే ఈ నాశనము కలిగినదని తండ్రికి తెలుసుననియు, అందుకు ఆయన ఎంతో బాధపడ్డాడనియు చెప్పాడు. ఆయన ఉద్దేశము మంచిది, భక్తి నిజమైనది. ఒడ్డు మాత్రము ఖాళీ అయినది.

రెండవ కథ ఇంకా చిన్నది. నా నిద్ర పాడుచేసినది అదే. గాస్ కంటె కొన్ని ఏండ్లు ముందు, 1846లో, అన్నా థిన్ అను స్త్రీ సముద్రపు ఒడ్డు నుండి కొన్ని పగడపు జాతి ప్రాణులను లండనుకు తెచ్చుకొన్నది. ఆమె భర్త వెస్ట్‌మినిస్టర్ దేవాలయములో సేవచేసిన గురువు. సముద్రమునకు దూరముగా ఉప్పునీటి ప్రాణులను ఎక్కువ కాలము బ్రదికించిన మొదటివారిలో ఆమె ఒకతె. ఆ కాలములో కరెంటు పంపులు లేవు. నీటిలోనికి గాలి ఎట్లు ఎక్కించుట? తెరిచిన కిటికీ దగ్గర నిలువబడి ఒక పాత్ర నుండి మరొక పాత్రకు ఆ నీటిని పోయుచు, మరల పోయుచు ఉండవలెను. ప్రతి రోజు అర్ధగంట, ముప్పావు గంట. ఈ పని చేసినది అన్నా దొరసాని కాదు, ఆమె యింటి చిన్న పనిపిల్ల. అలసట కలిగించే పనియే గాని ఆ పిల్లకు అది వేడుకగా ఉండేదని దొరసాని వ్రాసుకొన్నది. ఉండవచ్చును. కాని ఆ మాట వ్రాసినది దొరసాని. ఆ పనిపిల్ల ఏమి తలంచినదో వ్రాసినవారు లేరు.

ఇది చదివిన తరువాత నేను మరల ఆ యింటికి వెళ్ళాను. ఈసారి తొట్టిని చూచుటకు కాదు, బిందెలను లెక్కపెట్టుటకు.

మన వాడలో నల్లా సంగతి మీకు తెలుసు. ఎన్నో ఏండ్లు నాలుగైదు రోజులకు ఒకసారి, అదియును అర్ధరాత్రియో తెల్లవారుజామునో నీళ్ళు వచ్చినవి. ఉజని ఆనకట్ట నిండినదని పేపరులో చదివిన రోజున కూడా మన డ్రమ్ములు ఎండియుండుట మనము చూచినదే. ఇప్పుడు తొట్టికి పోయు నీరు నల్లా నీరు కారాదు. యంత్రములో వడకట్టినది కావలెను. ఇంటిలో వాడే ఆర్.ఓ. యంత్రము ఒక లీటరు శుద్ధమైన నీటికి సుమారు మూడు లీటర్లు బయటకు వదలును. కుర్రవానిని కూర్చుండబెట్టి బడిలో వలె లెక్క చేయించాను. వేసవిలో రోజుకు మూడు లీటర్లు ఆవిరి, వారమునకు 21. వారము వారము మార్చు నీరు 10. మొత్తము 31 లీటర్లు. దానికి యంత్రము వదిలినది 93. రెండును కలిపితే 124 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే వారమునకు ఎనిమిది బిందెలకు పైగా. ఎదుగుచున్న పిల్లలు ఇద్దరున్న యింటిలో ఇది చిన్న లెక్క కాదు.

"ఈ ఎనిమిది బిందెలు పట్టేది ఎవరు?" అని అడిగాను.

వాడు నోరు విప్పలేదు. పట్టేది వాని తల్లి, నాయనమ్మ. నల్లా వీధి ప్రక్కన ఉన్నది. ఇంటిలోనికి నాలుగు మెట్లు ఎక్కవలెను. పగలంతా కండెలు చుట్టిన తల్లి, పగలంతా బీడీలు చుట్టిన నాయనమ్మ రాత్రి రెండు గంటలకు లేచి నీళ్ళు పట్టుదురు. ఆ సమయమున వాడు నిద్రలో ఉండును. పొద్దున లేచి ఉప్పు కొలుచును.

అన్నా థిన్ చేసిన తప్పు నేను చేయరాదనుకొన్నాను. ముసలామె తరఫున నేనే జవాబు వ్రాసికొనకుండ ఆమెనే అడిగాను. "అక్కా, ఈ చేపల తొట్టి నీకు కష్టమా, ఇష్టమా?"

ఆమె ఒక బీడీకి దారము కట్టుట ముగించి అన్నది: "చేపలను చూస్తే మనసుకు మంచిగుంటది సారూ. నేను సముద్రం చూడలే. రాత్రి నిద్ర పట్టకుంటే గా లైటు ముందల కూసుంట. మనసుకు మంచిగుంటది. మోకాళ్ళకే మంచిగుండది."

ప్రియులారా, ఈ ప్రశ్న మీద ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము నాకు ఏ గ్రంథములోను దొరకలేదు. ఆమె తొట్టిని తీసివేయమనలేదు. ఆమె సంతోషము నిజము, ఆమె నొప్పి కూడా నిజము. ఒకదానిని చూపించి మరొకదానిని కొట్టివేయుటకు మనకు అధికారము లేదు.

ఇప్పుడు 2 సమూయేలు 23వ అధ్యాయమునకు వస్తాను. దావీదు గుహలో ఉన్నాడు. అతని ఊరు బేత్లెహేము శత్రువుల చేతిలో ఉన్నది. తన ఊరి బావినీళ్ళు త్రాగవలెనని ఆశపడి పైకి అన్నాడు. ఆ ఆశలో తప్పేమున్నది? పుట్టిన ఊరి నీటి కోసము నోరూరని వలసమనిషి ఎవడు? ముగ్గురు మనుష్యులు ఆ మాట విన్నారు. శత్రువుల దండు గుండా చొరబడి, ప్రాణమునకు తెగించి, ఆ నీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చారు. దావీదు త్రాగలేదు. ఆ నీళ్ళు ఆ మనుష్యుల రక్తముతో సమానమని తలంచి యెహోవా సన్నిధిని పారబోశాడు.

నేను చిన్నతనములో ఈ కథ విని, తెచ్చిన నీళ్ళు పారబోయుట వారికి అవమానము కాదా అనుకొనేవాడను. ఇప్పుడు వేరుగా తోచుచున్నది. దావీదు ఆ పాత్రలోని నీళ్ళను మాత్రమే చూచి ఊరుకొనలేదు. వాటిని తెచ్చిన చేతులను చూచాడు. ఆ చూపే ముఖ్యము. అతడు త్రాగినా త్రాగకపోయినా, ఆ చేతులను చూడక మునుపటి దావీదు, చూచిన తరువాతి దావీదు ఒక్కరు కారు.

కాబట్టి ఆ కుర్రవాని ప్రశ్నకు నా జవాబు ఇది. సముద్రమును ఇంటిలో పెట్టుకొనుట దానియంతట అది పాపము కాదు. మన ఆనందము ఎవరి చేతుల మీద నిలుచుచున్నదో చూడక ఆనందించుట పాపము. చూచిన తరువాత ఆ బరువు మన భుజము మీదికి తీసికొనకపోవుట ఇంకా పెద్ద పాపము. దేవుడు ఆదామును తోటలో పెట్టినది అనుభవించుటకు మాత్రమే కాదు, దానిని సేద్యపరచి కాపాడుటకు అని ఆదికాండము 2:15 వలన తెలియుచున్నది. ఉంచుకొనుట వేరు, కాపాడుట వేరు. డబ్బు ఉన్నవాడెవడైనను ఉంచుకొనగలడు. రాత్రి రెండు గంటలకు లేచువాడే కాపాడువాడు.

ఈ మాట వ్రాయుచుండగా నా కలము ఆగినది. నా సంగతి ఏమిటి? నేను శనివారము రాత్రులు ఆదివారపు ప్రసంగమునకు సిద్ధపడుతూ కూర్చున్న ఎన్నో ఏండ్లు, వెలుపల నల్లా దగ్గర నీళ్ళు పట్టినది నా భార్య. జీవజలమును గురించి నేను వ్రాసికొనుచుండగా బిందె చప్పుడు నా చెవిని పడేది. ఒకసారియైనను లేచి వెళ్ళినట్లు జ్ఞాపకము లేదు. దైవసేవ చేయుచున్నాను గదా అనుకొన్నాను. ఆమె కూడా ఎన్నడు సణుగలేదు. ఆమె సణుగలేదు గనుక ఆమెకు కష్టము లేదని నేను వ్రాసికొన్నాను, ఆ దొరసాని వలెనే. మన దేవాలయపు బాప్తిస్మపు తొట్టి నింపిన దినములలో ఆ నీళ్ళు ఎవరు మోసారో కూడా నేను లెక్క వ్రాయలేదు. బాప్తిస్మము పొందినవారి పేర్లు మాత్రము పుస్తకములో ఉన్నవి.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. చేతులు మన యింటిలోనివి మాత్రమే కావు. ఆ తొట్టి నీటిని ఎండాకాలములో చల్లబరచుటకు యంత్రము కావలెను. మన కరెంటులో ఎక్కువ భాగము బొగ్గు కాల్చుట వలన వచ్చునదే. బొగ్గు, నూనె కాల్చుట వలన సముద్రము వేడెక్కుచున్నది. నీరు మామూలు వేసవి వేడిమి కంటె ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారములు నిలిచితే పగడములు తమలోని నాచును బయటకు వదలివేసి సున్నము వలె తెల్లబడును. ఎక్కువ కాలమైతే చచ్చును. 1998లోను, 2016లోను అటువంటి విపత్తు మన సముద్రములకు కూడా వచ్చినది. ప్రపంచమంతట నాలుగవసారి ఇది జరుగుచున్నదని 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. చిన్న సముద్రమును చల్లబరచుటకు పెద్ద సముద్రమును వేడి చేయుచున్నాము. ఒక్క తొట్టి వలన సముద్రము వేడెక్కదు, నిజమే. మన యిళ్ళలోని కూలర్లు, ఏసీలు, బండ్లు అన్నిటికి ఈ మాట వర్తించును. చేపలు పెంచువాని మీద ఒక్కని మీదనే రాళ్ళు వేయుట కాదు నా ఉద్దేశము. ఆ తొట్టి మనందరి లెక్కను ఒక అద్దములో చూపించినదని చెప్పుచున్నాను.

చివరిగా, వలస వచ్చిన మనకు ఆ తొట్టి దగ్గర నేను నేర్చుకొన్న పాఠము. క్రొత్త చేపను తెచ్చినప్పుడు దానిని సంచిలో నుండి నేరుగా తొట్టిలో వేయరు. వేస్తే నీటి తేడాకు చచ్చిపోవచ్చును. సంచిని ముందు తొట్టి నీటి మీద తేలనిచ్చి వేడిమి సమానము చేస్తారు. తరువాత సన్నని గొట్టముతో తొట్టి నీటిని చుక్క చుక్కగా ఆ చేప ఉన్న పాత్రలోనికి దింపుతారు. గంట పట్టినా తొందరపడరు. కుర్రవాడు ఇది చూపించినప్పుడు నాకు మన తాతముత్తాతలు జ్ఞాపకమునకు వచ్చారు. పందొమ్మిదవ శతాబ్దములో కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల నుండి మగ్గము తెలిసిన చేతులతో ఈ ఊరికి వచ్చినవారు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు నడిచినది. వారిని చుక్క చుక్కగా ఈ నీటికి అలవాటు చేసినవారు ఎవరు? ముందు వచ్చినవారు వెనుక వచ్చినవారికి అరుగు మీద చోటిచ్చి, మరాఠీ మాట నేర్పి, ఒక కుండ నీళ్ళు పంచి ఇచ్చారు గనుకనే మనము నిలిచాము. అదే కాలపు గొప్ప కరువులో, 1876-78లో, ఒంగోలు ప్రాంతమున క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. ఆ పని అయిన తరువాత 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనము ఆ అంకెను గొప్పగా చెప్పుకొందుము. దానికి ముందు కాలువ త్రవ్విన చేతులకు కూలి ముట్టినదన్న సంగతి కూడా చెప్పుకొనవలెను.

నేడు మన మధ్యకు క్రొత్తగా వచ్చువారు ఉన్నారు. పూనాకు, ముంబైకి, భీవండికి, గల్ఫ్ దేశములకు పోయిన మన పిల్లలు అక్కడ క్రొత్తవారుగా ఉన్నారు. వారిని సంచిలో నుండి నేరుగా నీటిలో వేస్తున్నామా? ఆదివారము చేయి కలిపి "వందనాలు" చెప్పి పంపివేయుట నేరుగా వేయుటయే.

ఆ యింటి సంగతి ముగిస్తాను. తొట్టి ఇంకను ఉన్నది. తీసివేయుట కూడా తేలిక కాదు. ఆ చేపలు పెంపకములో పదేండ్లకు పైగా బ్రదుకగలవు. మంచినీటి చెరువులో వదిలితే చచ్చును. తెలిసి తెచ్చుకొన్న ప్రాణమును విసుగు పుట్టగానే పారవేయువాడు కాపరి కాడు. ఇప్పుడు నల్లా వచ్చిన రాత్రి కుర్రవాడే లేచుచున్నాడు. తొట్టి నీళ్ళే కాదు, ఇంటి నీళ్ళన్నియు వాడే పట్టుచున్నాడు. యంత్రము వదిలే నీరు ఒక డ్రమ్ములో పట్టి ఇల్లు కడుగుటకు, గిన్నెలు తోముటకు వాడుచున్నారు. పగడము మాట ఎత్తుట లేదు. "ఈ రెండు చేపలు ఉన్నన్ని రోజులు చూసుకుంట తాతా. తర్వాత మల్ల తేను" అన్నాడు. నేను అలా చెప్పమని అడుగలేదు.

నేను అడిగినది ఒక్కటే. "రేపు ఈ యింటికి కోడలు వస్తుంది. అప్పుడు రాత్రి రెండు గంటలకు ఎవరు లేస్తారు?" వాడు నవ్వి తల దించుకొన్నాడు. నాయనమ్మ మాత్రము బీడీల చేట ప్రక్కకు జరిపి, వాని ముఖము చూస్తూ, "చెప్పురా, సారు అడుగుతుండు గదా" అన్నది.

"నేనే లేస్త" అన్నాడు.

చదువరులారా, ఈ పత్రిక ముగించిన తరువాత మీ యింటిలో మీకు ఎక్కువ సంతోషమిచ్చు ఒక్క వస్తువును తలంచుకొనుడి. దాని వెనుక ఉన్న చేతులను లెక్కపెట్టుడి. ఆ చేతులు గలవారు దగ్గరలో ఉంటే వెళ్ళి వారినే అడుగుడి, వారి తరఫున మీరే జవాబు వ్రాసికొనవద్దు. నేను ఈ మాసము శనివారపు రాత్రులు నల్లా దగ్గర ఉంటున్నాను. ప్రసంగములు కొంచెము పొట్టివైనవని సంఘమువారు అన్నారు. ఎవరును నొచ్చుకొన్నట్లు కనబడలేదు.

జలచరములను చేసి వాటిని మొదట ఆశీర్వదించిన దేవుడు మన కన్నులను తెరిచి, మన చేతులను బలపరచును గాక. ఆమేన్.